అత్తమ్మ పచ్చబొట్టూ, మొండికేసిన లెన్సూ

దసరా పోయి వారం దాటినా కరీంనగర్ మగవాళ్ల ప్యాంట్లకు వెనక ఎర్రమరక పోదు. దీని గురించి ఏ పేపరూ రాయదు. పండగనాడు బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం దాకా నాకు పేచీ లేదు. సీటు మీద తడి కుంకుమ దేనికి? మర్నాడు దాని మీదే కదా కూర్చోవాలి. క్లాసుకు వీపు చూపించి బోర్డు మీద రాసే ఉద్యోగం నాది. మా బాపుకు ఈ మాట ఏటా చెప్తాను. ఆయన ఏటా శ్రద్ధగా వింటాడు. ఈసారి టీవీ రిమోటు మీటలకు కూడా పెట్టాడు.

సరే, ప్రయాణం సంగతి.

బాపుకు అక్క, నాకు మేనత్త, పేరు లస్మవ్వ. ఆదిలాబాద్ దాటాక మహారాష్ట్ర గాలి తగిలే చోట, పత్తి పండే ఊళ్లో ఉంటుంది. ఆమెకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నాగ్‌పూర్‌లో ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయం చేసుకున్నారు. అంతా అయ్యాక అత్తమ్మ రానంది. కత్తికి భయపడి కాదట. గోడకు పెట్టడానికి పనికొచ్చే ఫోటో తనది ఒక్కటీ లేదట.

మా దిక్కున మనిషి పోయాక ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేసి గోడకు తగిలిస్తారు. బతికుండగా దానికోసమని ఎవరూ దిగరు, అది అపశకునం. కాబట్టి పోయిన రోజున ఇల్లంతా ఏడుస్తుంటే ఒకడు మాత్రం పెళ్లి ఆల్బమ్‌లు తిరగేస్తుంటాడు. మా మామయ్య పోయినప్పుడు దొరికింది ఎవరిదో పెళ్లిలో బంతిలో కూర్చుని తింటున్న ఫోటో. అందులోంచి తలకాయ వరకు కత్తిరించారు. భుజం పక్కన వడ్డించేవాడి గరిటె కొంచెం మిగిలింది, ఎడమ బుగ్గలో లడ్డూ మొత్తం మిగిలింది. అప్పటి నుంచి ఆయన దండ కింద అట్లాగే ఉన్నాడు. "మీ మామ సచ్చి గిన్నేండ్లాయె, ఇంక బుక్క మింగుత లేడు" అంటుంది అత్తమ్మ, వచ్చినవాళ్లందరితో.

ఆమె కొడుకు రవి బావ సెల్‌ఫోన్‌లో తీసి చూపించాడు. అది ఇంకా చెడ్డదైంది. ఈ కాలం ఫోన్లు అడక్కుండానే మనిషిని తెల్లగా, నున్నగా చేస్తాయి. అత్తమ్మ ముడతలతో పాటు ఆమె నుదుటి మీది పచ్చబొట్టు కూడా తుడిచిపెట్టింది ఫోను. ముడతలు పోతే పోనీ అంది. పచ్చబొట్టు దగ్గర మాత్రం రాజీ లేదు. నగలూ నట్రా ఇక్కడే ఉండిపోతాయి, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని మా వాళ్ల నమ్మకం. "గది లేకుంటె పైన మీ మామ నన్నెట్ల గుర్తువడ్తడు?" అని ఫోన్లో నన్నే నిలదీసింది. పైన సంగతి నాకు తెలియదు, కింద నా దగ్గర కెమెరా ఉంది. ఇంటింటి పెళ్లిళ్లలో ఉచితంగా తీసి, చుట్టాల్లో కొంత పేరు, కొంత అపఖ్యాతి సంపాదించినవాణ్ని. వస్తున్నానని చెప్పాను. బాపు అప్పటికే సంచి సర్దుకున్నాడు.

ధర్మపురి

తిన్నగా పోయే బస్సు ఉండగా ధర్మపురిలో దిగాలన్నాడు బాపు. నరసింహస్వామి దర్శనానికే అనుకున్నాను. కాదు, అదే ప్రాంగణంలో ఉన్న యముడితో పని. యముడికి గుడి ఉన్న ఊళ్లు ఎన్నో లేవు, ఆ ఒకటీ మన దారిలోనే ఉండగా ఒక మాట వేసి పోవద్దా అని ఆయన వాదన. అక్కడి గండదీపంలో నూనె పోస్తే గండాలు పోతాయంటారు. బాపు తెచ్చుకున్న సీసా మొత్తం ఒంపాడు. సిరిసిల్లలో జీవితమంతా సాంచాలు నడిపిన మనిషి ఆయన. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఏ యంత్రం ఆగినా నూనె తక్కువైందనీ, నూనె పోశాక కూడా ఆగితే ఎక్కువైందనీ ఆయన సిద్ధాంతం. యముడికీ అదే వైద్యం చేసి, తేలిక మనసుతో బయటికి వచ్చాడు.

నేను గోదారి ఒడ్డుకు పోయి కెమెరా తీశాను. వానలు అప్పుడే తగ్గాయి, నీళ్లు మెట్ల మీద ఇంకా పెత్తనం చేస్తున్నాయి. మీట సగం నొక్కాను. మామూలుగా అయితే లెన్సు లోపల సన్నగా జుయ్‌మని తిరిగి, ఎదుటిది తేటపడి, కీచుమని పలుకుతుంది. ఏమీ కాలేదు. గోదారి గోదారిలా కాక పాలు కలిపిన చాయ్‌లా కనపడుతోంది.

పక్కన చిన్న మీట ఉంటుంది, ఆటోమేటిక్‌గా ఫోకస్ కావాలా, చేత్తో తిప్పుకుంటావా అని. అది ఆటోమేటిక్‌లోనే ఉంది. అటు ఇటు జరిపి చూశాను. కెమెరా ఆపి మళ్లీ పెట్టాను. బ్యాటరీ తీసి, దాన్ని ప్యాంటుకు రుద్ది మళ్లీ వేశాను. లెన్సు విప్పి, లోపల గట్టిగా ఊది, మళ్లీ బిగించాను. మన దేశంలో ఏ యంత్రానికైనా మొదటి చికిత్స ఊదడమే. ఈ మధ్య నాకు చత్వారం వచ్చింది, దగ్గరివి చూడాలంటే అద్దాలు కావాలి. అవి సంచి అడుగున ఉన్నాయి. ఊదడానికి అద్దాలెందుకని తీయలేదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి.

అంతలో కొత్తగా పెళ్లైన జంట ఒకటి వచ్చి, మంథని నుంచి వచ్చామనీ, ఒక్క ఫోటో తీయమనీ అడిగింది. మెడలో కెమెరా ఉన్నవాడు కాదంటే బాగుండదు. చేత్తో తిప్పి ఫోకస్ చేసి, వాళ్ల ఫోన్‌తో కాక నా కెమెరాతోనే తీసి, తెర మీద చూపించాను. అమ్మాయి చాలాసేపు చూసింది. మర్యాదస్తురాలు.

"గుడి మంచిగ వచ్చింది అన్నా," అంది. "మేమే రాలే."

జన్నారం అడవి

రాయపట్నం వంతెన మీద గోదారి దాటి లక్షెట్టిపేటలో బస్సు మారాం. అక్కడి నుంచి రోడ్డు అడవిలో దూరుతుంది. "పులులు తిరిగే ప్రాంతం, నెమ్మదిగా వెళ్లండి" అని బోర్డు ఉంది. అది చూసి మా డ్రైవరు వేగం పెంచాడు. పులి వైపు నుంచి ఆలోచించి పెట్టిన బోర్డు అయి ఉంటుంది.

దారిలో సీతాఫలాల గంప ఎత్తుకుని ఒకామె ఎక్కింది, ఉట్నూరులో అమ్ముకోవడానికి. కరీంనగర్‌లో కిలోల లెక్కన రాళ్లలాంటి కాయలు అమ్మి, మూడు రోజులు బియ్యంలో పెట్టమని సలహా ఉచితంగా ఇస్తారు. ఈమె చిన్నగంప వందకు ఇచ్చింది, చేయి తగిలితే విచ్చుకునేవి. బాపు గింజలు ఎక్కడ ఊయాలో తెలియక కాసేపు దవడ నింపుకుని కూర్చున్నాడు. చూస్తే మా మామయ్య ఫోటో గుర్తొచ్చింది. చెప్పలేదు.

నేను లెన్సుతో కుస్తీ పడుతుంటే ఆమె అడిగింది, ఏమైందని. ఫోకస్ పడతలేదని చెప్పాను. దిష్టి తాకి ఉంటుందనీ, ఉప్పు తిప్పమనీ అంది. ఇప్పటిదాకా విన్న సలహాల్లో ఇది తీసిపారేయదగింది కాదు. తరువాత నెట్‌లో చదివిన కొన్నింటి కంటే దీనికి ఖర్చు తక్కువ. బాపు మాత్రం ఆమెతో ఏకీభవించలేదు.

"దిష్టి గాదు. లోపట బిగుసుకున్నది," అన్నాడు. "గండదీపంల వోయకుండ ఇంత మిగిలిస్తె అయిపోవు. రెండు సుక్కల నూనె."

కెమెరా సంచిని నా ఇటు పక్కకు జరుపుకున్నాను.

ఒక మలుపు దగ్గర బస్సు నిలిచింది. రోడ్డు మీద ఆవులు. ఎడమ పక్క టేకు చెట్ల మధ్య ఒక జింక నిలబడి ఉంది. అంత ఓపికైన జింకను నేను ఇంతవరకు చూడలేదు. మొహం ఇటు తిప్పింది, చెవులు నిక్కించింది, ఎండ సరిగ్గా మీద పడేట్టు రెండడుగులు ముందుకు కూడా వచ్చింది. మీట నొక్కుతూనే ఉన్నాను. లెన్సు చలించలేదు. చేత్తో తిప్పాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, టేకు ఆకులు ఈనెలతో సహా కనపడతాయి, జింక ఉండాల్సిన చోట గోధుమరంగు అనుమానం ఒకటి ఉంది.

"పోనియ్యి, జింకదేముంది," అన్నాడు బాపు. బస్సు కదిలాక, "అక్కది గూడ గిట్లనే వస్తదా?" అన్నాడు.

అప్పటిదాకా నాకు ఇది నా కెమెరా సమస్యే.

ఉట్నూరు

ఉట్నూరులో ఫోటో స్టూడియో కోసం అడిగితే అందరూ ఒకే దిక్కు చూపించారు. యజమాని పేరు గణ్‌పత్. దీపావళికి ముందు దండారి మొదలవుతుంది, గోండు గూడేల్లో నెమలి ఈకల కిరీటాలు పెట్టుకుని ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరికి పోయి ఆడతారు. ఆతిథ్యం ఊరుమ్మడి. మా దిక్కున పక్కింటివాళ్లు రెండో పూట ఉంటామంటేనే బియ్యం డబ్బా వైపు చూస్తాం. ఇక్కడ ఊరు ఊరంతా వచ్చి దిగినా వండి పెడతారు. గణ్‌పత్ గోడ నిండా ఆ కిరీటాలే, ఒక్కొక్క ఈక కన్ను విడివిడిగా లెక్కపెట్టుకునేట్టు ఉన్నాయి. చూసి నాకు అసూయ కలిగింది. అది ఆయనకు అలవాటైన చూపే అయి ఉండాలి, వెంటనే చాయ్ తెప్పించాడు.

ఆయన చేసిన పని పద్ధతిగా ఉంది. తన లెన్సును నా కెమెరాకు పెట్టాడు, జుయ్‌మని పనిచేసింది. నా లెన్సును తన కెమెరాకు పెట్టాడు, మూగనోము. అంటే కెమెరా నిర్దోషి, దోషి లెన్సే. లెన్సు వెనక్కి తిప్పి చూసి, ఎర్రమట్టి బాగా పట్టిందన్నాడు, బస్సు కిటికీ పక్క కూర్చున్నారా అని అడిగాడు. కూర్చున్నాను. దస్తీతో అంచు చుట్టూ గట్టిగా తుడిచి, మళ్లీ పెట్టి చూశాడు. ఊహూఁ. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, పుచ్చకాయ కొనేవాడిలా.

"మోటరు పోయింది సార్. హైదరాబాద్ పంపుండ్రి. నెల పడ్తది," అన్నాడు.

ఆపరేషన్‌కు పోవాల్సింది ఎల్లుండి. నాలుగు రోజులకు మీ లెన్సు ఇవ్వగలరా అని అడిగాను, కిరాయి ఎంతైనా సరే అన్నాను. దండారి వచ్చె, ఊరూరు తిరగాలె, ఇయ్యరాదు సార్ అన్నాడు. న్యాయమే. ఆయన స్థానంలో ఉంటే నేను చాయ్ కూడా తెప్పించేవాణ్ని కాదు.

"అన్నా, జర నూనె ఏస్తె?" అన్నాడు బాపు.

గణ్‌పత్ బల్ల మీద బాపుకు దగ్గరగా ఉన్న తన లెన్సును తీసి బీరువాలో పెట్టాడు.

ఆదిలాబాద్

ఆదిలాబాద్ చేరేసరికి చలి మాకంటే ముందు వచ్చి కూర్చుంది. కరీంనగర్‌లో ఇంకా ఫ్యాను తిరుగుతుంటే ఇక్కడ లాడ్జివాడు రగ్గు ఇచ్చాడు. పొద్దున్నే హోటల్‌కు పోతే ఇడ్లీకి ముందు పోహా పేరు చెప్పాడు. అటుకులను తడిపి, తాలింపు వేసి, పైన సన్న కారప్పూస చల్లి, ఇరవై రూపాయలకు ఆకులో పెట్టి ఇస్తారు. నాకు నచ్చింది. బాపుకు మాత్రం అటుకులంటే జ్వరం వచ్చినవాడి తిండి. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న మనుషులు తింటుంటే జాలిగా చూశాడు. తరువాత రెండో ప్లేటు తెప్పించుకున్నాడు. జ్వరం తగులుతున్నట్టుంది.

అక్కడే కూర్చుని కెమెరా కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడిన ఒక అమ్మాయి, కెమెరా ఆపి మళ్లీ పెట్టారా అని అడిగింది. పెట్టానన్నాను. మీట సరిచూశారా? చూశాను. ఎదుటి వస్తువు మరీ దగ్గర ఉందా? గోదారి అంత దగ్గరేమీ లేదు. వెలుతురు సరిపోయిందా? జింక కూడా ఎండలోకి వచ్చింది. లెన్సు వెనక ఉండి కెమెరా మాట దానికి అందించే బంగారురంగు చుక్కలు శుభ్రంగా ఉన్నాయా? తుడిపించానన్నాను, అబద్ధం కాదు కదా. అయితే దగ్గర్లోని సర్వీసు సెంటరుకు వెళ్లమంది. దగ్గర్లోది ఎక్కడ అంటే హైదరాబాద్. నేను ఎక్కడున్నానో చెప్తే ఆమె ఆ ఊరి పేరు రెండుసార్లు చెప్పించుకుంది.

ఫోన్ పెట్టేశాక, చేత్తోనే ఫోకస్ చేస్తాను, ఏదో ఒకటి వస్తుందిలే అని బాపుకు చెప్పాను.

"ఏదో ఒకటి ఒప్పుకోదురా," అన్నాడు బాపు. చాయ్ గ్లాసు చేతుల్లో అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అక్క మొండిది. లేదంటె నిజంగనే పోదు. గా రాళ్లతోటే కూసుంటది." ప్రయాణంలో మొదటిసారి ఆయన నూనె మాట ఎత్తలేదు.

అత్తమ్మ ఇల్లు

పత్తి తీత మొదలైన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టేవాళ్లకు మబ్బులోకి దిగినట్టుంటుంది. అమ్మకానికి పోయేదాకా పంటను ఇంట్లోనే పోస్తారు. ముందు గది సగం వరకు తెల్లటి కుప్ప. మంచం, టీవీ, సైకిలు, అన్నీ దాని దయ మీద ఉన్నాయి. కుప్ప పైన గోడకు మామయ్య, బుగ్గలో లడ్డూతో. నేత ఇంటి ఆడపిల్లను పత్తి ఇంటికి ఇచ్చారు. అత్తమ్మ లెక్కలో అది పుట్టింటికి ఇచ్చినట్టే.

ఆమె అప్పటికే కుప్ప ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. పట్టుచీర, వెండి కడియాలు, నూనె పెట్టి దువ్విన తెల్లజుట్టు. మనిషి చిక్కింది. బాపు ఆమెను చూసి గడపలోనే ఆగాడు.

"ఏం తమ్మీ, గట్ల చూస్తున్నవ్, ఇంక సావలే," అంది.

జొన్నరొట్టె, శనగపిండితో వండిన పిట్ల, పచ్చిమిర్చి దంచిన తొక్కు పెట్టింది రవి బావ భార్య సుజాతక్క. మా దిక్కున కూర లోపల కారం ఉంటుంది, ఇక్కడ కారం పక్కన కొంచెం కూర ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ తిన్నాను. ఆ ఇంట్లో అందరూ ఒకరికొకరు కనపడకుండా ఏదో ఒకటి తుడుచుకుంటూనే ఉన్నారు, నాకు మాత్రం మిరపకాయ సాకు ఉంది. మర్నాడు పొద్దున నాగ్‌పూర్‌కు జీపు మాట్లాడి ఉంచాడు బావ. అది ఖాళీగా పోతుందా, అత్తమ్మతో పోతుందా అనేది నా చేతుల్లో ఉందని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నా చేతుల్లో ఉన్నదేమిటో ఆయనకు అప్పటికి తెలియదు.

చేత్తో ఫోకస్ చేయడం చెప్పినంత సులువు కాదు. నా కంటికి తేటగా కనపడిందని మీట నొక్కేవాణ్ని. తెర మీద చూస్తే వెనక పత్తి పోగు పోగుగా ఉండేది, ముందు అత్తమ్మ ఆవిరిలా ఉండేది. పైగా ఆమె స్థిరంగా ఉండదు. సరిగ్గా కుదిరే వేళకు "అయిందా?" అని ముందుకు వంగుతుంది. ప్రతిసారీ. కదలొద్దు అత్తమ్మా అంటే, కదలకుంట ఉండేది ఫ్రేముల వెట్టినంక ఎట్లనూ ఉంటది గదా అంటుంది.

వచ్చినవాటిలో మంచిది ఒకటి చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"గిదెవరు?"

"నువ్వే అత్తమ్మా."

"నా బొట్టేది?"

లేదు. నుదురు ఉంది, బొట్టు ఉండే చోటు ఉంది, అంతవరకే. ఫోను తుడిచేసింది, నేను మసకబార్చాను. ఆమె కుర్చీలోంచి లేచింది. కోపం ఏమీ లేదు. జీపు ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పమంది రవి బావను, పక్కింటికి మజ్జిగ పంపమన్నట్టు. బావ నా వైపు చూశాడు. నేను కెమెరా వైపు చూశాను. అదింకెవరి వైపు చూస్తుంది?

ఇంక చేసేదేమీ లేక లెన్సు విప్పి ఆమె కుర్చీలో పెట్టి, అద్దాల కోసం సంచి వెతుకుతున్నాను. అత్తమ్మ పట్టుచీర విప్పడానికి లోపలికి పోతూ పోతూ ఆగి, లెన్సు తీసి అటూ ఇటూ తిప్పింది. వెనక వైపు వేలితో గీకింది.

"గీ ఎర్రగున్నదేంది?"

ఎర్రమట్టి అత్తమ్మా, జన్నారం రోడ్డుది, అన్నాను.

"మట్టైతే రాలుతది. గిది అంటుతున్నది." వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. మామయ్య పోయినప్పటి నుంచి ఆమె కుంకుమ ముట్టలేదు. వేలి కొసను చీరకు తుడవకుండా కొంచెంసేపు అట్లాగే పట్టుకుంది. తరువాత తలెత్తి నన్ను కాదు, తమ్ముణ్ని చూసింది.

"నువ్వేనా?"

బాపు పత్తికుప్పలోంచి ఒక గింజ ఏరుతున్నాడు. చాలా ముఖ్యమైన గింజలా ఉంది.

"దసరనాడు," అన్నాడు చివరికి. "అన్నిటికి వెట్టిన. దానికి వెట్టకుంటె ఎట్ల?"

ముందర మూత మీద పెట్టావు కదా, నేను తుడిచాను కూడా, అన్నాను.

"గది మూత. మూత ఏం పని చేస్తది?" అన్నాడు. విడదీసి మరీ పెట్టావా అంటే, బలవంతం చేయలేదనీ, మీట ఒత్తితే అదే ఊడి వచ్చిందనీ చెప్పాడు. లోపల బంగారు చుక్కలు వరసగా కనపడ్డాయట. పని అంతా అక్కడే జరుగుతుందని ఆయనకు చూడగానే తెలిసిపోయిందట. నూనెలో కుంకుమ కలిపి, ఒక్క చుక్క కూడా వదలకుండా పెట్టాడట. నూనె ఆ లెన్సుకు ఎప్పుడో పడిందన్నమాట.

అత్తమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది, నవ్వు ఆగక. వాళ్ల నాయిన కూడా అంతేనట. మగ్గం చట్రానికి బొట్టు పెట్టేవాడు కాదట. అది ఊరికే నిలబడేది, దానికెందుకు? ఆడేది నాడె, ఈ పక్క నుంచి ఆ పక్కకు దారం మోసుకుపోయేది. దానికి పెట్టేవాడు. దసరా తరువాత నేసిన మొదటి చీరలకు అంచు పొడుగునా ఎర్రచుక్కలు పడేవి. కొనేవాళ్లు శుభమని అవే అడిగి తీసుకునేవాళ్లట. నా ప్యాంట్ల విషయంలో ఎవరూ అట్లా ముందుకు రాలేదు.

బాపు కుప్పలోంచి కొత్త పత్తి తీసి, గింజ ఒలిచి, వేళ్ల మధ్య మెత్తగా చేశాడు. సుజాతక్క చేతులకు రాసుకునే శానిటైజర్ సీసా వెతికి తెచ్చింది. ఈ వాక్యం కెమెరా కంపెనీ వాళ్లు చదవకుండా ఉంటే మంచిది. బాపు ఒక్కొక్క చుక్కనూ తుడిచాడు, పెట్టినంత ఓపికగా. పత్తి ఎర్రబడింది. నేను అద్దాలు పెట్టుకుని చూశాను. అద్దాలుంటే ప్రపంచంలో చాలా విషయాలు కనపడతాయి.

లెన్సు బిగించి మీట సగం నొక్కాను. జుయ్.

ఫోకస్ ఎక్కడ పడిందో చూపించే చిన్న గడి ఒకటి ఉంటుంది. అది అత్తమ్మ ముఖం మీద ఒక్క క్షణం తచ్చాడి, కనుబొమల మధ్య పచ్చబొట్టు మీద నిలబడి, కీచుమంది. ఆమె "అయిందా?" అని ముందుకు వంగింది. లెన్సు ఆమెతో పాటే వచ్చింది. తీశాను.

ఆ ఫోటోలో ఆమె కొంచెం ముందుకు వంగి, ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. పచ్చబొట్టు ఉంది. ముడతలు ఉన్నాయి, ఒక్కటీ తక్కువ కాకుండా. వెనక పత్తి మబ్బులా కరిగిపోయింది. అత్తమ్మ చాలాసేపు చూసింది. బొట్టును వేలితో తెర మీద తాకింది. జీపు ఆయనకు ఫోన్ చేశావా అని రవి బావను అడిగింది. చేయలేదన్నాడు. మంచిగ చేసినవ్ అంది.

ఆపరేషన్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, అయింది. తీసిన రాళ్లు సీసాలో వేసి ఇచ్చారు. వాటికి కూడా ఒక ఫోటో తీసి పంపమని నాకు కబురు వచ్చింది. గోడ మీద ఆమె ఫోటోకు చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఫోటో మాత్రం బీరువాలో భద్రంగా ఉందట.

నేను చెప్పాలనుకున్నది జీపు కదిలే ముందు సంగతి. పొద్దున్నే చలి. ఊరు మంచులో ఉంది. అత్తమ్మ శాలువా కప్పుకుని ముందు సీటులో కూర్చుంది. బాపు ఆమె సంచి అందించి, ధర్మపురి నుంచి తెచ్చిన ప్రసాదం పొట్లం చేతిలో పెట్టి, ఏం కాదక్కా, నాకసలు ఫికరే లేదు అని, ఫికరున్నవాడి గొంతుతో చెప్పాడు. ఆమె ఆయన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తరువాత నా మెడలోని కెమెరాను చూసింది.

"మల్ల దసరా వస్తది, మల్ల నువ్వు దానికి బొట్టు వెడ్తవ్," అంది. "గా లోపే నీ ఫోటో గూడ దిగు, తమ్మీ."